రాత్రి రెండు గంటల నిర్ణయం పగలే తీసుకోవాలి

(గుంటూరులోని ఒక పాఠశాల తల్లిదండ్రుల సమావేశంలో పిల్లల వైద్యురాలు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఈ వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. చంటిపిల్లలతో వచ్చినవాళ్లు ఫ్యాన్ కింద కూర్చోండి. పిల్లలు ఏడ్చినా, అటూ ఇటూ తిరిగినా ఫర్వాలేదు, నేను మాట్లాడుతూనే ఉంటాను.

హెడ్మాస్టర్ గారు నన్ను ఆస్తమా గురించి చెప్పమన్నారు. మన పెద్దవాళ్లు ఉబ్బసం అనేవారు, పిల్లలకు వస్తే పాల ఉబ్బసం అనేవారు. దాని గురించి చెప్పాలంటే ఒక పూట చాలదు. అందుకని ఇవాళ ఒక్క విషయమే పట్టుకుంటాను. ఇంట్లో పిల్లాడికి ఆయాసం వచ్చింది. ఇంట్లోనే మందు వేసి చూడొచ్చా, ఆస్పత్రికి పరుగెత్తాలా? ఇదొక్కటి మీకు తేటగా తెలిస్తే నేను వచ్చిన పని అయినట్టే.

తెల్లవారుజామున క్యాజువాలిటీకి వచ్చే అమ్మల నోట నేను తరచూ వినే మాట ఒకటుంది. "ఒంటిగంట నుంచి ఇలాగే ఉన్నాడండీ, తెల్లారేదాకా చూద్దాం అనుకున్నాం." ఈ మాట అన్నవాళ్లను నేను కోప్పడను. ఆ రాత్రి ఇంట్లో ఏం జరిగి ఉంటుందో నాకు తెలుసు. ఆయన నైట్ డ్యూటీలో ఉంటాడు. చిన్నది పక్కన నిద్రపోతుంటుంది. ఆ వేళప్పుడు ఆటో దొరకదు. "పోయినసారీ ఇలాగే వచ్చి తగ్గింది కదమ్మా" అని అత్తగారు అంటారు. ఆస్పత్రికి వెళ్తే ఎంతవుతుందోనని ఇంకో దిగులు. ఇవన్నీ నిజమైన ఇబ్బందులే. కానీ ఆస్తమాకు బలం వచ్చేది కూడా ఆ వేళలోనే. మన ఒంట్లో సహజంగా ఊరే స్టెరాయిడ్ హార్మోన్ అర్ధరాత్రి వేళకు బాగా తగ్గిపోతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కూడా ఆ వేళ ఊపిరిగొట్టాలు కాస్త ముడుచుకుంటాయి. ఆస్తమా ఉన్న పిల్లలకు ఇంకా ఎక్కువ. కాబట్టి తెల్లారితే అదే తగ్గుతుందిలే అని కూర్చోవడం అంటే, ప్రమాదం పెరిగే గంటలనే మనం వేచి ఉండటానికి ఎంచుకున్నట్టు.

బ్రిటన్‌లో 2012 ఫిబ్రవరి నుంచి ఏడాదిపాటు ఆస్తమా వల్ల పోయినవాళ్ల కేసులను ఒక్కొక్కటే బయటికి తీసి చదివారు. 2014లో నివేదిక ఇచ్చారు. పెద్దలూ పిల్లలూ కలిసి 195 మంది. అందులో 45 శాతం మంది డాక్టర్ సాయం కోరకముందే, లేదా కోరినా అది అందేలోపే పోయారు. నన్ను ఇంకా ఎక్కువ కలవరపెట్టిన సంగతి మరొకటి. ఆ పోయినవాళ్లలో సగానికి పైగా జబ్బు తక్కువగానో ఓ మోస్తరుగానో ఉందని రాసి ఉన్నవాళ్లే. అంబులెన్సులూ ఆస్పత్రులూ అన్నీ ఉన్న దేశం అది. "మావాడికి కొద్దిగానే ఉందండీ" అన్న మాట మీద మనం ఎంత భారం వేయొచ్చో ఆలోచించండి.

మా తమ్ముడికి చిన్నప్పుడు ఈ జబ్బు ఉండేది. మా ఇంట్లో కరెంటు ఉండీ లేనట్టు ఉండేది. ఇన్హేలర్ మాట మేమెవరం వినలేదు. రాత్రిపూట వాడు నవారు మంచం మీద లేచి కూర్చునేవాడు, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, భుజాలు చెవుల దాకా ఎత్తి. అమ్మ లాంతరు తెచ్చి వాడి చొక్కా విప్పేది. వీపు మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చునేది. కాసేపయ్యాక అడిగేది, "ఏరా, పొద్దున బళ్లో ఏం చెప్పారు?" వాడు "లెక్కలు చెప్పారమ్మా, ఎక్కాలు రాయమన్నారు" అని ఒక్క ఊపున అంటే అమ్మ అక్కడే కూర్చునేది. "లెక్కలు..." అని ఆగి, ఊపిరి పీల్చి, "చెప్పారు..." అని మళ్లీ ఆగితే మాత్రం ఇక మాట్లాడేది కాదు, నాన్నని లేపేది. నాన్న సైకిల్ తీసేవాడు. అమ్మకు చదువు రాదు. నేను పిల్లల వైద్యం చదువుకునేటప్పుడు మా పుస్తకంలో "వాక్యం పూర్తిచేయలేకపోవడం తీవ్రమైన దాడికి గుర్తు" అని చదివి, ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

మీరూ అదే చెయ్యండి. ముందు లైటు వెయ్యండి. చాలామంది పిల్లాడికి నిద్ర చెడుతుందని చీకట్లోనే చెవి పెట్టి వింటారు. ఆయాసాన్ని చెవితో కాదు, కంటితో చూడాలి. చొక్కా పైకెత్తండి, బొడ్డు నుంచి మెడ దాకా మొత్తం కనపడాలి. పక్కటెముకల కింద డొక్కలు లోపలికి పీక్కుపోతున్నాయా? ఎముకల మధ్య సందులు గుంటలు పడుతున్నాయా? మెడ కింద, రెండు ఎముకల మధ్య ఉండే గుంట చూడండి, ఊపిరి పీల్చినప్పుడల్లా అది లోతుగా పోతోందా? ముక్కుపుటాలు అదురుతున్నాయా? మన ఊళ్లలో "డొక్కలు ఎగరేస్తున్నాడు" అంటారు చూశారా, సరిగ్గా అదే. ఆ ఒక్క మాట మీరు ఫోన్‌లో చెబితే చాలు, నేను వెంటనే తీసుకురమ్మంటాను.

ఇక శబ్దం సంగతి. పిల్లికూతలు. దీని దగ్గరే పెద్ద పొరపాటు జరుగుతుంది, కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

కొన్నేళ్ల కిందట ఏడేళ్ల బాబును వాళ్ల నాయనమ్మ ఎత్తుకొచ్చింది. తండ్రి వెనక బండి స్టాండు వేస్తున్నాడు. ఆమె ముఖంలో టెన్షన్ లేదు. "ఇందాకటిదాకా ఒకటే పిల్లికూతలమ్మా, ఇప్పుడు శబ్దం పోయింది, కాస్త పడుకున్నాడు, ఎందుకైనా మంచిదని తెచ్చాం" అంది. పిల్లాడి తల ఆమె భుజం మీద వాలి ఉంది. నేను స్టెతస్కోప్ పెట్టాను. రెండువైపులా ఏమీ వినపడలేదు. కూత లేదు, గాలి కూడా లేదు. కింది పెదవి తిప్పి చూస్తే లోపల నీలం. వాడు పడుకోలేదు, అలిసిపోయి మగతలోకి జారిపోతున్నాడు. ఆక్సిజన్, వరసగా మందులు, నరంలోకి ఇంజెక్షన్లు, రెండు రోజులు ఐసీయూ. బతికాడు. ఇంకో అరగంట ఇంట్లో ఉంటే ఏమయ్యేదో నేను ఆ నాయనమ్మకు చెప్పలేదు.

పిల్లనగ్రోవి పాడాలంటే అందులోంచి గాలి పోవాలి కదా. ఊదేవాడి దమ్ము అయిపోతే పాట ఆగిపోతుంది. పిల్లికూతా అంతే. ఊపిరిగొట్టం లోపల వాచి, చుట్టూ కండరం బిగుసుకుని, కఫం అడ్డుపడి సన్నగా అయిపోయినప్పుడు అందులోంచి గాలి దూరుతుంటే వచ్చే శబ్దం అది. గొట్టం ఇంకా మూసుకుపోతే గాలే పోదు, ఇక శబ్దం ఎక్కడిది? కాబట్టి కూత తగ్గింది అంటే రెండు అర్థాలు. పిల్లాడు హుషారుగా లేచి, మంచినీళ్లు అడిగి, మామూలుగా మాట్లాడుతుంటే తగ్గింది. డొక్కలు ఇంకా ఎగురుతూ, మనిషి డీలాపడి, కళ్లు మూతలు పడుతుంటే అది తగ్గడం కాదు. ఆ క్షణంలో ఇంకేం ఆలోచించకుండా బయలుదేరండి. ఆయాసంతో ఉన్న పిల్లాడు హఠాత్తుగా నిద్రపోతే ముందు లేపి చూడండి. లేచి మిమ్మల్ని గుర్తుపట్టి చిరాకుపడితే సరే. లేవడానికి బద్ధకిస్తూ వాలిపోతుంటే 108కి ఫోన్ చెయ్యండి.

మాటలు రాని చంటిపిల్లల్ని ఎలా అడుగుతాం? వాళ్లు తాగడం చూడండి. పాలు పట్టుకుని రెండు గుక్కలు తాగి వదిలేసి రొప్పుతుంటే, మళ్లీ పట్టుకుని మళ్లీ వదిలేస్తుంటే, వాళ్ల వాక్యం మధ్యలో ఆగినట్టే. ఏడుపు కూడా మాటే. గట్టిగా గుక్కపెట్టి ఏడ్చే పిల్లకంటే, సన్నగా మూలిగే పిల్ల నన్ను ఎక్కువ భయపెడుతుంది.

రంగు గురించి ఒక్క మాట. పుస్తకాల్లో చర్మం నీలంగా మారుతుందని ఉంటుంది. మన పిల్లల చామనఛాయలో అది పైకి తెలియదు. నాలుక చూడండి, పెదవి లోపలి భాగం, చిగుళ్లు చూడండి. అక్కడ నీలమో బూడిదరంగో కనపడితే అసలు ఆగకూడదు.

ఊపిరి లెక్కపెట్టడం ఇవాళే ఇంటికి వెళ్లి నేర్చుకోండి. పిల్ల ఏడవకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు, గడియారం పెట్టుకుని నిండు నిమిషం పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో చూడాలి. అర నిమిషం చూసి రెండింతలు చేస్తే తప్పు వస్తుంది. రెండు నెలలు దాటి ఏడాది లోపు పిల్లలకు నిమిషానికి 50, ఏడాది నుంచి ఐదేళ్ల దాకా 40, ఐదేళ్లు దాటితే 30. ఆయాసం ఉన్న పిల్లాడికి ఇవి దాటితే ఇంట్లో ఉంచొద్దు. జ్వరం ఉంటే ఊపిరి కొంచెం పెరుగుతుంది, నిజమే. అయినా జ్వరం వల్లేనని మీరు తేల్చుకోవద్దు, ఆ పని మాకు వదిలెయ్యండి.

కోవిడ్ తర్వాత చాలా ఇళ్లలో ఆక్సీమీటర్ ఉంది. వాడండి, కానీ దాన్ని జడ్జిగా కూర్చోబెట్టొద్దు. చిన్నపిల్లల వేలికి అది సరిగా పట్టదు, చెయ్యి చల్లగా ఉన్నా కదిలినా తప్పు చూపిస్తుంది, నెయిల్ పాలిష్ ఉంటే తుడిచెయ్యాలి. చామనఛాయ చర్మం మీద ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపించే వీలుంది. 92 కంటే తక్కువ చూపిస్తే అది అత్యవసరమే. అయితే 96 చూపిస్తోంది, డొక్కలు మాత్రం ఎగురుతున్నాయి అనుకోండి. అప్పుడు డొక్కల మాటే నమ్మాలి. పిల్లలు తమ బలమంతా పెట్టి ఆ అంకెను నిలబెట్టుకుంటారు, అలిసిపోగానే అది ఒక్కసారిగా పడిపోతుంది.

ఇప్పుడు మందు. ఉపశమనానికి ఇచ్చే ఇన్హేలర్ వేరు, రోజూ వాడే ఇన్హేలర్ వేరు. మొదటిదాంట్లో సాల్బుటమాల్ గానీ లీవోసాల్బుటమాల్ గానీ ఉంటుంది, మీకు ఆస్తాలిన్, లీవోలిన్ అన్న పేర్లు తెలిసే ఉంటాయి. రెండోది బుడెసొనైడ్, ఫ్లుటికాసోన్ లాంటి మందు, లోపలి వాపును రోజురోజూ తగ్గిస్తుంది. ఆయాసం వచ్చాక పనికొచ్చేది మొదటిది. రంగును బట్టి గుర్తుపెట్టుకోవద్దు, కంపెనీని బట్టి రంగు మారుతుంది. డబ్బా మీద మార్కర్‌తో పెద్దగా "ఆయాసానికి" అని రాయండి, రెండోదాని మీద "రోజూ" అని రాయండి. కొంచెం పెద్దపిల్లలకు కొందరికి రెండూ కలిసిన ఒకే ఇన్హేలర్ ఇస్తాం, వాళ్లు తమ డాక్టర్ చెప్పిన లెక్కనే పాటించాలి. రాత్రిళ్లు వేసుకునే మాంటెలుకాస్ట్ మాత్ర ఆయాసం వచ్చినప్పుడు పనికిరాదు.

పిల్లాడిని పడుకోబెట్టకండి. మీ ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టండి. ఇన్హేలర్ ఊపి, స్పేసర్‌కు, అంటే ఇన్హేలర్‌కూ మాస్కుకూ మధ్య ఉండే ప్లాస్టిక్ గొట్టానికి తగిలించి, మాస్కు ముక్కూ నోరూ మూసేలా ఆనించి ఒక్క పఫ్ నొక్కండి. ఐదారు ఊపిర్లు తీసుకోనివ్వండి. మళ్లీ ఊపండి, రెండో పఫ్. రెండేసి ఒకేసారి నొక్కితే పిల్లాడికి అందే మందు తగ్గిపోతుంది. ఇలా నాలుగు. మీ డాక్టర్ రాసిచ్చిన కాగితంలో ఇంకో లెక్క ఉంటే అదే మీ లెక్క. తర్వాత పదిహేను, ఇరవై నిమిషాలు పిల్లాడిని చూస్తూ ఉండండి. డొక్కలు నెమ్మదించి, మాట తిరిగి, ఆటబొమ్మ అడిగితే ఇంట్లో ఉండొచ్చు, మర్నాడు డాక్టర్‌కి చూపించండి. ఏమాత్రం మార్పు లేకపోతే మళ్లీ నాలుగు వేసి బయలుదేరండి.

నేను ఇందాక చెప్పిన ప్రమాద గుర్తులు మొదటే కనపడితే మాత్రం ఈ పదిహేను నిమిషాల లెక్క లేదు. మందు వేస్తూనే బయలుదేరాలి. అర నిమిషానికో నిమిషానికో ఒక పఫ్ చొప్పున పది దాకా వెయ్యొచ్చు. గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి. అది మందు గుణం, కాసేపటికి తగ్గుతుంది. ఊపిరి ఆగిపోవడం కంటే అది ఎన్నోరెట్లు నయం.

ఇంకో గుర్తు ఉంది, దీన్ని చాలామంది దాటేస్తారు. పఫ్ వేస్తే తగ్గుతుంది, రెండు గంటలకే మళ్లీ మొదలు. మళ్లీ వేస్తారు, మళ్లీ తగ్గుతుంది. "మందు పనిచేస్తోంది కదా" అని తల్లి ధైర్యంగా ఉంటుంది. ఈ మందు పని నాలుగు గంటల పాటైనా నిలవాలి. నాలుగు గంటలు కాకుండానే మళ్లీ కావలసి వస్తోందంటే, బిగుసుకున్న కండరాన్ని మందు వదులుచేస్తోంది గానీ లోపల వాపు పెరుగుతూ పోతోందని అర్థం. వాపు తగ్గించే స్టెరాయిడ్ వేరే ఇవ్వాలి. అది ఇచ్చాక కూడా గుణం కనపడటానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. అందుకే ముందే రావాలంటున్నాను. ఆలస్యంగా వస్తే ఆ మూడు నాలుగు గంటలు పిల్లాడికి మిగలవు.

కొంతమంది పిల్లల విషయంలో అనుమానం రాగానే వచ్చెయ్యాలి. ఇదివరకు ఐసీయూలో ఉన్నవాళ్లు, వెంటిలేటర్ మీద పెట్టినవాళ్లు, ఈ ఏడాదిలోనే ఆయాసంతో ఆస్పత్రిలో చేరినవాళ్లు, పల్లీలో గుడ్లో ఏదైనా తింటే పడనివాళ్లు, రోజువారీ ఇన్హేలర్ మానేసినవాళ్లు. ఆయాసం డబ్బాలో 200 పఫ్‌లు ఉంటాయి, అది నెలకొకటి అయిపోతున్న పిల్లాడు కూడా ఈ లెక్కలోకే వస్తాడు. డబ్బా ఎంత మిగిలిందో చూడటానికి నీళ్లలో తేలేస్తారు కొందరు. అది నమ్మదగ్గ పద్ధతి కాదు, మూతి దగ్గర నీరు చేరి పాడవుతుంది కూడా. అంకె చూపించే డబ్బా కొనుక్కోండి, లేదా గోడ క్యాలెండర్ మీద గీతలు పెట్టుకోండి.

సమయం తినేసే పనులు కొన్ని చేస్తాం. ప్రేమతోనే చేస్తాం. మరుగుతున్న నీళ్ల ఆవిరి పట్టడం, దానివల్ల కాలిన పిల్లల్ని నేను చూశాను. దగ్గు సిరప్ పోసి నిద్రపుచ్చడం, అసలే అలిసిన పిల్లాడికి మగత ఇచ్చే మందు పోయడం ప్రమాదం. ఛాతీ మీద వాతలు పెట్టడం కొన్నిచోట్ల ఇంకా ఉంది, చేతులెత్తి దణ్ణం పెడతాను, ఆ పని చెయ్యకండి. స్నానం చేయించి సాంబ్రాణి పొగ వేస్తారు చంటిపిల్లలకు. ఊపిరితిత్తులకు మంచిదని నమ్మకం. దోమల చక్రం, పోపు ఘాటు, సాంబ్రాణి, ఇవి ఏవైనా ఆ గొట్టాలను ఇంకాస్త బిగిస్తాయి. మన గుంటూరులో యార్డుకు మిర్చి వచ్చే రోజుల్లో ఆ చుట్టుపక్కల ఇళ్లలోని పిల్లలు ఎలా దగ్గుతారో మీకే తెలుసు. ఇంకో పది రోజుల్లో దీపావళి. కాల్చుకోవద్దని పిల్లల్ని ఏడిపించను. మతాబుల పొగ సర్దుకునేదాకా ఆస్తమా పిల్లాడు ఇంట్లో, కిటికీలు మూసిన గదిలో ఉండాలి, ఆయాసం డబ్బా పెద్దవాళ్ల జేబులో ఉండాలి.

ఇప్పుడు మీకు చెప్పాలనుకున్న అసలు మాట. రాత్రి రెండు గంటలకు, పిల్లాడు రొప్పుతుంటే, ఇంట్లో ముగ్గురు మూడు మాటలు అంటుంటే, ఏ తల్లి బుర్ర మాత్రం పనిచేస్తుంది? నాదీ పనిచేయదు. అందుకే ఆ నిర్ణయం పగలే తీసుకోవాలి. ఒక కాగితం తీసుకోండి. ఇవాళ నేను చెప్పిన గుర్తులు రాయండి. వీటిలో ఏది కనపడినా వెళ్లాలి, ఇక చర్చ లేదు అని ఇంటిల్లిపాదీ కలిసి ఒప్పుకోండి. అత్తగారితో, మామగారితో, ఆయనతో అందరితో ఒప్పించండి. రాత్రంతా డాక్టరూ ఆక్సిజనూ ఉండే ఆస్పత్రి మీ ఇంటికి దగ్గరలో ఏది? పగలు వెళ్లి కనుక్కోండి. బోర్డు మీద 24 గంటలు అని రాసి ఉన్నా, రాత్రి పిల్లల్ని చూసే డాక్టర్ ఉంటారా అని అడగండి. రాత్రి పిలిస్తే వచ్చే ఆటో అతని నంబరు ఆ కాగితం మీద రాయండి. 108 రాయండి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఆ సర్వీసు ఇవాళ పల్లెలదాకా వస్తోంది, అందులో ఆక్సిజన్ ఉంటుంది. మాట రాని, పెదాలు నీలమైన, మగతలో ఉన్న పిల్లాడిని మోటార్ సైకిల్ మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకురావడం కంటే అది మేలు. అది రావడానికి ఆలస్యమయ్యేలా ఉంటే మాత్రం దొరికిన బండిలో బయలుదేరండి, దారిలో మందు ఆపొద్దు. వాడుతున్న డబ్బాలన్నీ ఒక సంచిలో వేసుకుని రండి.

టీచర్లు కూడా ఉన్నారు కాబట్టి ఒక విన్నపం. ఆట పీరియడ్‌లో రొప్పుతున్న పిల్లాడిని ఒంటరిగా ఇంటికి పంపొద్దు, స్టాఫ్ రూమ్‌కి ఒంటరిగా నడిపించొద్దు కూడా. డబ్బా పిల్లాడి దగ్గరికి రావాలి. బీరువాలో తాళం వేసిన ఇన్హేలర్ లేనట్టే లెక్క.

ఇక మీరు అడగండి.

(ఒక తల్లి: ఇన్హేలర్ అలవాటైపోతుందంటారు, అందుకే సిరప్ పోస్తున్నామండీ.)

మంచి ప్రశ్న, అమ్మా. లెక్క చూద్దాం. సాల్బుటమాల్ సిరప్ ఒక చెంచాలో, అంటే 5 మిల్లీలీటర్లలో, 2 మిల్లీగ్రాములు ఉంటుంది. ఒక పఫ్‌లో 100 మైక్రోగ్రాములు. అంటే మీరు పోసే ఒక్క చెంచా 20 పఫ్‌లతో సమానం. అది పొట్టలోకి పోయి, రక్తంలో కలిసి, ఒళ్లంతా తిరిగి ఎప్పటికో ఊపిరితిత్తులకు చేరుతుంది. పఫ్ నేరుగా అక్కడికే పోతుంది, కొద్ది నిమిషాల్లో పనిచేస్తుంది. తక్కువ మందుతో త్వరగా గుణం వచ్చేదాన్ని చూసి భయపడుతున్నాం, ఎక్కువ మందు పోసేదాన్ని నమ్ముతున్నాం. ఇన్హేలర్‌కు అలవాటు పడటం అనేది లేదు.

(మరొకరు: ఇంట్లో నెబ్యులైజర్ మిషన్ ఉంది, అది చాలదా?)

మందును పొగమంచులా చేసి పీల్పించే మిషన్ అది. మామూలు ఆయాసానికి స్పేసర్‌తో వేసే పఫ్‌లు మిషన్‌తో సమానంగా పనిచేస్తాయి. మిషన్ ఉన్న ఇళ్లతో నాకు ఒక భయం ఉంది. రాత్రంతా ఐదుసార్లు, ఆరుసార్లు పెట్టుకుంటూ కూర్చుంటారు, ఆస్పత్రిలో చేసేదీ ఇదే కదా అని. ఆస్పత్రిలో ఆ పొగమంచుతోపాటు ఆక్సిజన్ పోతుంది, పక్కన చూసే మనిషి ఉంటారు. మిషన్‌కైనా నాలుగు గంటల లెక్కే. స్పేసర్ కొనలేనివాళ్లు కూడా దిగులుపడొద్దు. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో హీథర్ జార్ అనే డాక్టరమ్మ బృందం అర లీటరు ప్లాస్టిక్ సీసాకు అడుగున ఇన్హేలర్ పట్టేంత రంధ్రం చేసి, చుట్టూ గాలి పోకుండా మూసి పిల్లలకు వాడి చూసింది. మామూలు స్పేసర్‌లాగే పనిచేసిందని 1999లో రాశారు. ఎలా చెయ్యాలో తర్వాత చూపిస్తాను.

(ఒక తండ్రి: మృగశిర కార్తెకు హైదరాబాద్ వెళ్లి చేప మందు వేయించాం మేడం. అప్పట్నుంచి ఇన్హేలర్ ఆపేశాం.)

నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో బత్తిని వారి కుటుంబం ఇచ్చేదే కదా. ఎంతో దూరం నుంచి వచ్చి క్యూలో నిలబడతారు, మీ నమ్మకాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. నేను అడిగేది ఒక్కటే. వాపు తగ్గించే ఇన్హేలర్ ఆపితే పైకి కొన్ని వారాలు ఏమీ తెలియదు. తర్వాత ఒక జలుబు రాగానే పెద్ద దాడి వస్తుంది. రేపే వచ్చి కలవండి, ఎలా మళ్లీ మొదలుపెట్టాలో చూద్దాం. ఇంకో మాట, ఆయాసంగా ఉన్న పిల్లాడి గొంతులో ఏదీ వెయ్యకూడదు, ఎవరు ఇచ్చినా సరే.

(ఒక తల్లి: మా పాపకు ఎప్పుడూ ఆస్తమా లేదండీ, పోయిన వారం ఉన్నట్టుండి పిల్లికూతలు వచ్చాయి.)

ఉన్నట్టుండి అంటే ఆడుకుంటూనా? పల్లీలు తింటూ ఒక్కసారిగా కొరపోయి దగ్గిందా? తింటూ పొలమారి, ఆ తర్వాత కూత మొదలైతే అది ఆస్తమా కాకపోవచ్చు, గింజ ఊపిరిగొట్టంలో ఇరుక్కుని ఉండొచ్చు. మీరు ఇప్పుడు ఇక్కడే ఉండండి, వెళ్లేముందు పాపని చూస్తాను. ఏదైనా తిన్నాకో కందిరీగ కుట్టాకో ఒళ్లంతా దద్దుర్లు లేచి, వాంతులై, దాంతోపాటు ఆయాసం వచ్చినా ఆలోచించొద్దు, 108కి ఫోన్ చెయ్యండి.

అమ్మమ్మ గారూ, మీరు చెయ్యి ఎత్తారు. చెప్పండి.

(వృద్ధురాలు: పగలంతా మనవడు నా దగ్గరే ఉంటాడమ్మా. కాగితం మీద రాస్తే నేను చదవలేను కదా.)

అవసరం లేదమ్మా. మా అమ్మ చూసుకున్నట్టే మీరూ చూసుకోండి. చొక్కా విప్పి డొక్కలు చూడండి. పొద్దున ఏం తిన్నావురా అని అడగండి. ఒక్క ఊపున చెప్పలేకపోయాడా, పక్కింటివాళ్లని కేకెయ్యండి. ఫోన్‌లో 108 నొక్కడం వచ్చు కదా? రాకపోతే మీ మనవడే నేర్పిస్తాడు. ఇన్హేలర్ తెచ్చారా? సంచిలో ఉందా? తియ్యండి. రండి, ముందు మీరే రండి. మిగతావాళ్లు మీ డబ్బాలు, స్పేసర్లు తీసి పట్టుకుని ఈ వరసలో కూర్చోండి, ఒక్కొక్కరు ఎలా నొక్కుతున్నారో నేను చూడాలి. అమ్మమ్మ గారూ, నొక్కేముందు ఊపాలి. ఊపండి. ఇంకా గట్టిగా.